ఇంగ్లిష్ వినడానికి, మాట్లాడటానికి ఏ వీడియోలు చూడాలి?

యూట్యూబ్‌లో ‘స్పోకెన్ ఇంగ్లిష్’ అని కొడితే వచ్చే వీడియోలన్నీ చూడటానికి ఒక జన్మ చాలదు. 30 రోజుల్లో ఇంగ్లిష్ ఉంది, 3 గంటల్లో ఇంగ్లిష్ ఉంది, నిద్రపోతూ వింటే వచ్చేసే ఇంగ్లిష్ కూడా ఉంది. ఇవి చాలవన్నట్టు బీబీసీ పాఠాలు, టెడ్ ప్రసంగాలు, సబ్‌టైటిల్స్‌తో సిరీస్‌లు, రీల్స్. ఏది మంచిదని అడిగితే ఎవరికి నచ్చిన ఛానల్ పేరు వాళ్లు చెప్తారు. అసలు అడగాల్సింది అది కాదు. మీకు అడ్డుపడుతున్నది చెవా, నోరా, లేక మాటలే తెలియకపోవడమా? అది తేలకుండా ఎన్ని ఛానళ్లు మార్చినా ఒకటే.

## ముందు ఇబ్బంది ఎక్కడుందో చూసుకోండి

దీనికి పది నిమిషాలు చాలు. మనుషులు రాసిన క్యాప్షన్స్ ఉన్న ఇంగ్లిష్ వీడియోలో ఒక్క నిమిషం ముక్క తీసుకోండి. క్యాప్షన్స్ ఆపేసి రెండుసార్లు వినండి. అర్థమైనంత కాగితం మీద పెట్టండి, తెలుగులో రాసినా ఫర్వాలేదు. తర్వాత క్యాప్షన్స్ పెట్టి అదే ముక్క చూడండి.

చదవగానే “ఓస్, ఇంతేనా” అనిపించిందా? అయితే ఇబ్బంది చెవిది. పదో తరగతి నుంచీ ఇంగ్లిష్ మీడియంలో చదివి, పుస్తకం గడగడా చదవగలిగి, అమెరికా క్లయింట్ నోరు తెరిస్తే మాత్రం పక్కవాళ్ల మొహం చూసేవాళ్లు చాలామంది ఈ బాపతే. చదివినా అర్థం కాకపోతే మాటలు తెలియవని లెక్క. ఆ వీడియో మీకు ఎక్కువైంది, దిగి రండి. వందకు ఐదారు మాటలు తెలియకపోతే ఊహించుకోవచ్చు, ఇరవై తెలియకపోతే అది వినడం కాదు, శిక్ష. ఇక విన్నదంతా అర్థమైంది, కానీ అదే విషయం ఇంగ్లిష్‌లో ఒక నిమిషం చెప్పమంటే గొంతు పెగల్లేదా? అప్పుడు ఇబ్బంది నోటిది. మీరు ఇంకో వంద వీడియోలు చూసినా అది తీరదు.

చెవి ఇబ్బంది మనకు ఎందుకొస్తుందో కాస్త చెప్పుకోవాలి. తెలుగులో ప్రతి అక్షరాన్నీ దాదాపు సమానంగా పలుకుతాం, పెద్దగా దేన్నీ మింగం. ఇంగ్లిష్‌లో ఒకటి రెండు చోట్ల ఒత్తి, మిగతావి తొక్కేస్తూ పోతారు. ‘వాట్ ఆర్ యూ గోయింగ్ టు డూ’ అని బడిలో నేర్చుకున్నది అమెరికన్ నోట ‘వాడయా గొన్నా డూ’ అవుతుంది. ‘ఐ షుడ్ హావ్ టోల్డ్ యూ’ కాస్తా ‘ఐ షుడవ్ టోల్జూ’. ‘పిక్ ఇట్ అప్’ మూడు మాటలు కాదు, ‘పికిటప్’ అనే ఒక్క మాట. వీటిలో మీకు తెలియని మాట ఒక్కటీ లేదు. చెవిన పడ్డ రూపమే కొత్త.

## ఎంచుకోవడానికి ఏమేం చూడాలి

అన్నిటికన్నా ముఖ్యం, సరైన స్క్రిప్ట్, అంటే వీడియోలో అన్న మాటలన్నీ రాసి ఉన్న పాఠం, ఉండటం. విన్నది తప్పో ఒప్పో సరిచూసుకునే వీలు లేకపోతే తప్పుగా విన్నదే అలవాటైపోతుంది. యూట్యూబ్ తనంతట తాను వేసే ఆటోమేటిక్ క్యాప్షన్స్‌ను నమ్ముకోవద్దు. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, మన యాసలో ఇంగ్లిష్ వచ్చిన చోట అవి చిత్రవిచిత్రంగా రాస్తాయి. భాష సెట్టింగ్‌లో ‘ఆటో జనరేటెడ్’ అని కనిపిస్తే సంగతి అర్థం చేసుకోండి.

రెండోది నిడివి. ఒకే వీడియోను ఐదారుసార్లు వినాలంటే అది ఆరేడు నిమిషాలు దాటకూడదు. మూడోది యాస. మీరు రేపు ఎవరి ఇంగ్లిష్ వినాలో వాళ్లదే ఇవాళ వినండి. డాలస్ వెళ్లేవాళ్లు లండన్ యాసతో, బెంగళూరు ఆఫీసులో పనిచేసేవాళ్లు ఆస్ట్రేలియా యాసతో కుస్తీ పట్టక్కర్లేదు. నాలుగోది, ఆ వీడియో మీ నోటికి పని చెప్తుందా లేదా. చాలా వీడియోలు చెప్పవు. మనమే చెప్పాలి.

వ్యూస్, సబ్‌స్క్రైబర్లు, మాస్టారి చరిష్మా ఈ లెక్కలోకి రావు.

| రకం | స్క్రిప్ట్ | వేగం | చెవికి | నోటికి | ఎవరికి |
|---|---|---|---|---|---|
| తెలుగులో చెప్పే పాఠాలు | అక్కర్లేదు | నెమ్మది | తక్కువ | కొంత | మొదలుపెట్టేవాళ్లకు, భయం ఉన్నవాళ్లకు |
| బీబీసీ, వీఓఏ (వాయిస్ ఆఫ్ అమెరికా) పాఠాలు | పక్కాగా ఉంటుంది | నెమ్మది నుంచి మధ్యస్థం | ఎక్కువ | వెంటే పలికితే బాగా | చెవి ఇబ్బంది ఉన్న దాదాపు అందరికీ |
| టెడ్, ఎన్‌పీటెల్ (ఐఐటీల వీడియో పాఠాలు) | టెడ్‌కు బాగుంటుంది | మధ్యస్థం | ఎక్కువ | తక్కువ | చదువు, పరీక్షలు, ప్రెజెంటేషన్లు |
| సిరీస్‌లు, సిట్‌కామ్‌లు (హాస్య సీరియళ్లు) | సబ్‌టైటిల్స్ | చాలా వేగం | బాగా ఎక్కువ | ముక్కలుగా వాడితే బాగా | మధ్యస్థాయి దాటినవాళ్లకు |
| క్రికెట్, వంటలు, మీ సరదాలు | తక్కువ | మారుతుంటుంది | మధ్యస్థం | ఊహించినదానికన్నా ఎక్కువ | విసుగొచ్చి మానేసేవాళ్లకు |
| షార్ట్స్, రీల్స్ | ఉండదు | వేగం | తక్కువ | తక్కువ | కాలక్షేపానికి |

## తెలుగులో చెప్పే స్పోకెన్ ఇంగ్లిష్ పాఠాలు

వీటిని చిన్నచూపు చూసేవాళ్లున్నారు, అది అన్యాయం. తెలుగు మీడియంలో చదివి, ‘డిడ్’ తర్వాత ‘వెంట్’ ఎందుకు రాకూడదో ఎవరూ విడమర్చి చెప్పని మనిషికి ఇవి దారి చూపిస్తాయి. అమీర్‌పేట వెళ్లి ఫీజు కట్టి నేర్చుకునే వ్యాకరణం చాలావరకు ఇక్కడ ఉచితంగా దొరుకుతుంది. తప్పు మాట్లాడితే నవ్వుతారన్న బెరుకు కూడా కొంత పోతుంది.

తిరకాసు ఎక్కడంటే, అరగంట పాఠంలో మీరు వినే ఇంగ్లిష్ మహా అయితే ఐదు నిమిషాలు. మిగతాది తెలుగు. పైగా ఆ ఐదు నిమిషాలూ మాస్టారు విడివిడిగా, ఒత్తి ఒత్తి పలికే మాటలు. బయట ఎవరూ అలా మాట్లాడరు. ఇలాంటి పాఠాలు రెండు మూడు నెలలు చూడండి, ఒకే ఛానల్, ఒకే వరుస. ఆ తర్వాత కూడా అక్కడే ఉంటే ఇంగ్లిష్ గురించి తెలుగులో చక్కగా మాట్లాడటం వస్తుంది, అంతే.

## నేర్చుకునేవాళ్ల కోసమే తీసినవి

ఒక్క రకమే ఎంచుకోమంటే నేను దీనివైపే వేలు చూపిస్తాను. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లో ‘6 మినిట్ ఇంగ్లిష్’ పేరుకు తగ్గట్టే ఆరు నిమిషాలుంటుంది. ఇద్దరు ఒక విషయం మీద కబుర్లు చెప్పుకుంటారు, మొదట్లో ఒక ప్రశ్న వేసి చివర్లో జవాబు చెప్తారు, మధ్యలో ఆరు మాటలు వివరిస్తారు. వెబ్‌సైట్‌లో పూర్తి స్క్రిప్ట్ దొరుకుతుంది. ఆడియోగా కూడా ఉంది కాబట్టి బస్సులో ఫోన్ జేబులో పెట్టుకుని వినొచ్చు. యూట్యూబ్ అయితే డబ్బు కట్టకుండా స్క్రీన్ ఆపితే ఆగిపోతుంది. బీబీసీది బ్రిటిష్ ఇంగ్లిష్, అది గుర్తుంచుకుని ఎంచుకోండి.

అమెరికన్ ఇంగ్లిష్ కావాలంటే వీఓఏ లెర్నింగ్ ఇంగ్లిష్. 1959లో ‘స్పెషల్ ఇంగ్లిష్’ పేరుతో రేడియోలో మొదలైంది. దాదాపు 1500 మాటల పరిధిలో, మామూలు వేగంలో మూడింట రెండు వంతుల వేగంతో వార్తలు చదవడం దాని పద్ధతి. మొదలుపెట్టేవాళ్ల కోసం వీళ్లు తీసిన ‘లెట్స్ లర్న్ ఇంగ్లిష్’ వీడియోలు మొదటి స్థాయిలో 52, రెండో స్థాయిలో 30 ఉన్నాయి. ఊరికి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి కొత్త ఇంట్లో దిగడం, ఉద్యోగంలో చేరడం, దారి అడగడం, ఇలా సాగుతాయి. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం వీఓఏ పనిని చాలావరకు ఆపించింది కాబట్టి కొత్త పాఠాల కోసం ఎదురుచూడకండి. పాతవే ఏడాదికి సరిపోతాయి.

వీటితో చిక్కు ఒకటుంది. నెమ్మదికి అలవాటుపడితే అసలు వేగం ఎదురైనప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. క్యాప్షన్ చూడకుండా తొంభై శాతం అర్థమవుతోందంటే మీరు అక్కడినుంచి కదలాల్సిన రోజు వచ్చిందన్నమాట.

## టెడ్ ప్రసంగాలు, ఎన్‌పీటెల్

టెడ్ ప్రసంగానికి గరిష్ఠ పరిమితి 18 నిమిషాలు, చాలావి అంతకన్నా చిన్నవే. వెబ్‌సైట్‌లో స్క్రిప్ట్‌లో ఏ వాక్యం మీద నొక్కితే వీడియో అక్కడికే వెళ్తుంది. వినేవాళ్లకు ఇంతకన్నా సౌకర్యం లేదు. దేశదేశాల వాళ్లు మాట్లాడతారు కాబట్టి యాసలకూ కొదవ లేదు. కొన్నిటికి స్వచ్ఛందంగా రాసిన తెలుగు సబ్‌టైటిల్స్ కూడా ఉన్నాయి, కానీ నా మాట విని వాటిని పెట్టకండి. కళ్లు తెలుగు చదువుతుంటే చెవులు సెలవు తీసుకుంటాయి.

అయితే ఇది నెలల తరబడి సాధన చేసి చెప్పిన ప్రసంగం. మధ్యలో ఎవరూ అడ్డురారు, తడబాటు లేదు, ‘అంటే... నేననేదేంటంటే’ లాంటి సాగదీతలు లేవు. ప్రెజెంటేషన్ ఇవ్వాల్సినవాళ్లకు మంచి నమూనాయే, కబుర్లు చెప్పడం మాత్రం దీంతో రాదు.

ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ పాఠాలు బీటెక్ పిల్లలకు ఇంకో రకంగా పనికొస్తాయి. విషయం తెలిసిందే, యాస మనదే, కొత్తది ఇంగ్లిష్‌లో వివరించే తీరు. ప్రాజెక్టు వైవాలో “దిస్ ఈజ్... అదే సర్...” అని ఆగిపోయేవాళ్లు తమ సబ్జెక్టులోనే రెండు పాఠాలు విని, అందులో ఒక కాన్సెప్టును గోడకు చెప్పి చూడాలి.

## సిరీస్‌లు, సిట్‌కామ్‌లు

అసలు మాటలు, అసలు వేగం ఇక్కడే ఉంటాయి. ఇరవై నిమిషాల సిట్‌కామ్ సినిమాకన్నా నయం. అవే మనుషులు, అదే ఇల్లు, కాబట్టి సగం కథ ముందే తెలుసు. సినిమాల్లో సగం సమయం కార్లు పేలుతుంటాయి, ఎవరూ మాట్లాడరు.

ఇక్కడ తేడా అంతా చూసే పద్ధతిలో ఉంది. సోఫాలో కూర్చుని వరుసగా నాలుగు ఎపిసోడ్లు లాగిస్తే అది వినోదం, దానికి ఇంగ్లిష్ సాధన అని పేరు పెట్టుకోవద్దు. రెండు నిమిషాల సన్నివేశం ఒకటి పట్టుకోండి. మొదట ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో, తర్వాత లేకుండా, తర్వాత ఒక పాత్ర మాటలు మీరు అంటూ. కంప్యూటర్‌లో క్రోమ్ వాడేవాళ్లకు లాంగ్వేజ్ రియాక్టర్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్‌లలో రెండు భాషల సబ్‌టైటిల్స్ చూపిస్తూ, ఒక్కో వాక్యం దగ్గర ఆపి మళ్లీ వినిపిస్తుంది. ఒక హెచ్చరిక: పాత్రలు ఒకరినొకరు ఎకసెక్కాలాడుకునే మాటలు ఆఫీసులో మేనేజర్ దగ్గర వాడితే వచ్చే ఫలితాలకు సిరీస్ బాధ్యత వహించదు.

## క్రికెట్, వంటలు, మీకు పిచ్చి ఉన్న ఏదైనా

ఎవరూ సలహా ఇవ్వని రకం ఇది, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను.

ఐపీఎల్ హైలైట్స్ తెలుగు కామెంటరీ మాని ఇంగ్లిష్‌లో పెట్టండి. బంతి ఎటు పోయిందో కంటికి కనిపిస్తోంది, కాబట్టి చెవిన పడ్డ మాటకు అర్థం వెతకక్కర్లేదు. హర్షా భోగ్లే హైదరాబాద్‌లో పెరిగి, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన మనిషి. ఆయన ఇంగ్లిష్ మనకు సులువుగా అందుతుంది. పక్కనే కూర్చున్న ఆస్ట్రేలియన్ మాట అందదు. రెండూ ఒకే మ్యాచ్‌లో వినిపిస్తాయి.

అయితే కామెంటరీలో పూర్తి వాక్యాలు తక్కువ. బంతి బంతికీ తెగిన ముక్కలే వస్తాయి. మాట్లాడటం నేర్చుకోవడానికి అసలు నిధి మ్యాచ్ తర్వాత ఇంటర్వ్యూ. రెండు మూడు నిమిషాలు. ఒక ప్రశ్న, ఒక జవాబు. పిచ్ ఎలా ఉంది, ఎక్కడ ఓడారు, తర్వాత ఏం చేస్తారు. రిహార్సల్ లేదు. అలసిపోయిన మనిషి తడుముకుంటూ, ‘యా, లుక్, ఐ థింక్’ అంటూ కాస్త సమయం కొనుక్కుని, తర్వాత విషయంలోకి వస్తాడు. మీరు ఇంటర్వ్యూలో చెయ్యాల్సిందీ సరిగ్గా ఇదే. ప్రశ్న అయిపోగానే వీడియో ఆపండి, కెప్టెన్ మీరే అనుకుని జవాబు చెప్పండి, తర్వాత అతనేమన్నాడో వినండి.

వంటలూ అంతే. అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లిన మా పిన్ని మొదట చూసింది వంట వీడియోలే. ఉల్లిపాయలు సన్నగా తరగడం ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేదు, ఆ పనికి ఆ ఊళ్లో ఏమంటారో తెలిస్తే చాలు. ‘చాప్’, ‘స్టర్’, ‘లెట్ ఇట్ సిమర్’ అని పోపు వేస్తూ పైకి అనడం మొదలుపెట్టింది. మనవరాలు సరిదిద్దేది. ఆ తర్వాత సూపర్‌మార్కెట్‌లో మెంతికూర ఉందా అని ఆవిడే అడిగింది.

స్క్రిప్ట్ ఉండకపోవడం ఈ రకానికి పెద్ద లోటు. అందుకే దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకుండా, బీబీసీ లాంటి దానికి జోడీగా పెట్టుకోండి.

## షార్ట్స్, రీల్స్

‘ఈ మాట బదులు ఇలా అనండి’ తరహా వీడియోలు. చూసినప్పుడు నేర్చుకున్నట్టే ఉంటుంది, వేలు పైకి తోశాక ఏదీ మిగలదు. ఎవరికైనా ఎందుకు పనికొస్తాయో నాకు తెలియలేదు.

## ఎవరు దేన్ని పట్టుకోవాలి

క్యాంపస్ ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లు. మాక్ ఇంటర్వ్యూ వీడియోలు చూస్తూ కూర్చోవద్దు, ప్రశ్న దగ్గర ఆపి మీరు చెప్పండి. ‘మైసెల్ఫ్ ఫలానా’ అని మొదలుపెట్టే బట్టీ పరిచయం ఇంకా కొన్ని ఛానళ్లలో నడుస్తోంది, దాని జోలికి పోకండి. రోజూ ఒక బీబీసీ ముక్క, ఒక క్రికెట్ ఇంటర్వ్యూ చాలు.

క్లయింట్ కాల్స్‌లో ఇబ్బందిపడేవాళ్లు. మీ టెక్నాలజీ మీద జరిగిన కాన్ఫరెన్స్ వీడియోలు యూట్యూబ్‌లో ఉంటాయి. ప్రసంగం వదిలేసి చివరి పది నిమిషాల ప్రశ్నోత్తరాలు వినండి. ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ, అర్థం కాలేదు మళ్లీ చెప్పమని అడుగుతూ ఉండే ఆ భాగమే మీ కాల్‌కు దగ్గర. యాస మార్చుకోవడం కోసం తంటాలు పడొద్దు. నేను చూసినంతలో అవతలివాళ్లు ‘సారీ?’ అనేది మన యాసకు కాదు, మన వేగానికీ ఒత్తు తప్పు చోట పడటానికీ.

విదేశాలకు వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసేవాళ్లు. లిజనింగ్ సుమారు 30 నిమిషాలు, 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్ యాసలూ వస్తాయి. కాబట్టి పరీక్షకు నెల ముందు నుంచి ఆపి ఆపి వినడం తగ్గించి, ఒక్కసారిలో వినడానికి అలవాటుపడాలి. స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు. రెండో భాగంలో ఒక నిమిషం ఆలోచించి రెండు నిమిషాల వరకు మాట్లాడాలి. చిన్న వీడియో ఒకటి చూసి, నిమిషం ఆగి, రెండు నిమిషాలు దాని గురించి ఫోన్‌లో రికార్డ్ చెయ్యడం దీనికి నేరుగా పనికొచ్చే కసరత్తు.

పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లే తల్లిదండ్రులు. వీఓఏ మొదటి స్థాయి, దానికి తోడు ఇష్టమైన పని మీద వీడియోలు. వ్యాకరణం జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు.

తెలుగు మీడియం నుంచి వచ్చి ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు. తెలుగు పాఠాలు, కానీ మొదటి వారం నుంచే రోజుకు ఐదు నిమిషాలు వీఓఏ. అర్థం కాకపోయినా ఆ చప్పుడు చెవికి అలవాటవ్వాలి.

## చూసినదాన్ని నోటికి ఎక్కించడం

ఏ రకం ఎంచుకున్నా పని జరిగేది ఇక్కడే. నిమిషం ముక్క తీసుకుని, మొదట స్క్రిప్ట్ లేకుండా విని, రాసి, సరిచూసుకోండి. తర్వాత ఒక్కో వాక్యం ఆపి తిరిగి అనండి. ఫోన్‌లో స్క్రీన్ ఎడమవైపు రెండుసార్లు తడితే 10 సెకన్లు, కంప్యూటర్‌లో ఎడమ బాణం నొక్కితే 5 సెకన్లు వెనక్కి వెళ్తుంది. వేగం 0.75 దాకా తగ్గించొచ్చు. 0.5కి దించితే మాటలు తాగినవాడి మాటల్లా సాగుతాయి, దానికన్నా అసలు వేగంలో పదిసార్లు వినడం మేలు. చివరగా ఆపకుండా, మాట్లాడే మనిషి కన్నా అర సెకను వెనకగా, వెంటవెంటనే అంటూ పొండి. దీన్నే షాడోయింగ్ అంటారు. మొదటిరోజు సగం మాటలు జారిపోతాయి. అదే ముక్క నాలుగైదు రోజులు చెయ్యండి, రోజుకో కొత్తది కాదు.

మీ గొంతు రికార్డ్ చేసుకుని వినేటప్పుడు మనవాళ్లకు ఉండే అలవాట్లే వెతకండి. మాట చివర అచ్చు చేర్చడం, ‘టెస్టు’, ‘బస్సు’ అని. మొదట్లో య, వ తగిలించడం, ‘యెగ్’, ‘వొన్లీ’ అని. ఒత్తు ఎక్కడ పడిందో చూడండి. ‘ఫొటోగ్రాఫ్’లో అది మొదటి అక్షరం మీద ఉంటుంది, ‘ఫొటోగ్రఫీ’కి వచ్చేసరికి రెండో దాని మీదకు జరిగి ‘ఫటాగ్రఫీ’లా వినిపిస్తుంది. ఏదైనా ఒక్క మాట దగ్గర అనుమానం వస్తే యూగ్లిష్ సైట్‌లో ఆ మాట కొట్టండి. యూట్యూబ్ వీడియోల్లో అది వచ్చిన చోట్లన్నీ ఒక్కొక్కటిగా వినిపిస్తుంది, అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా అని విడదీసి కూడా.

మాట్లాడటానికి తోడు ఎవరూ లేకపోతే ఫోన్ కీబోర్డ్‌లో మైకు గుర్తు నొక్కి, భాష ఇంగ్లిష్ (ఇండియా) పెట్టుకుని, చూసిన వీడియో గురించి నాలుగు వాక్యాలు చెప్పండి. మీరు అన్నది ఒకటి, తెర మీద పడ్డది ఇంకొకటి అయితే ఆ మాట దగ్గర ఏదో తేడా ఉన్నట్టు. ఫోన్ చెప్పిందే వేదం కాదు, మన పేర్లను అది ఎలా రాస్తుందో తెలిసిందేగా. కానీ ఒకే మాట మూడుసార్లూ తప్పే పడుతుంటే, మర్నాటి షాడోయింగ్ ఆ మాట ఉన్న వాక్యంతో మొదలుపెట్టండి.